ఎంగిలాకులెత్తే పెద్ద

బోగోలుకు తూర్పున, రొయ్యల గుంటలు దాటి సరుగుడు తోపుల వెనక్కి వెళితే వచ్చే ఆ పల్లెలో సంఘ పెద్ద పదవికి ఎవరూ పోటీ పడరు. చర్చిలో పెద్దకు వేరే కుర్చీ లేదు. ఎవరైనా చనిపోతే గొయ్యి తవ్వడానికి మొదట పార పట్టేది అతనే. ఎవరినైనా కావలి ఆసుపత్రిలో చేర్పిస్తే వరండాలో పడుకునేదీ అతనే. వీటన్నిటికంటే కష్టమైన పని ఏడాదికి ఒకసారి వస్తుంది. ఈస్టరు తర్వాతి ఆదివారం ప్రేమవిందులో, పల్లె మొత్తం తిన్న ఎంగిలాకులు పెద్దే ఎత్తాలి.

దానికి ఒక పద్ధతి ఉంది. తినడం అయ్యాక ఎవరూ లేవరు. పెద్ద చొక్కా విప్పి, భుజం మీది తుండు నడుముకు బిగించి, గంప చంకన పెట్టుకొని వరుస వెంట వస్తాడు. ఒక్కొక్కరి ముందూ వంగి ఆకు మడిచి గంపలో వేసుకుంటాడు. తన ఆకు పోయాకే మనిషి లేచి చెయ్యి కడుక్కోవాలి. యేసు తుండు కట్టుకొని శిష్యుల కాళ్ళు కడిగాడు కనుక ఈ ఆచారమని పాస్టర్లు చెబుతారు. పల్లెవాళ్ళకు ఇంకో కారణం కూడా తెలుసు.

ఒకప్పుడు ఊళ్ళో భూస్వాముల పెద్దింట్లో పెళ్ళయినా తద్దినమయినా ఎంగిలాకులెత్తడం పల్లె వంతు. ఆకుల్లో మిగిలిందే కూలి. పల్లె బాప్తిస్మం తీసుకున్న ఏడాది పెద్దింటి కూతురి పెళ్ళయింది. కబురొచ్చినా ఎవరూ పోలేదు. మర్నాడు నాట్లు వేస్తున్న కయ్యలోకి పెద్దింటి మనుషులు దిగి, అందరికంటే ముందు వరుసలో ఉన్న అంకాలమ్మను గట్టు మీదికి లాగి సరుగుడు కట్టెతో కొట్టారు. కుడి మోచెయ్యి విరిగింది. సరిగ్గా అతుక్కోలేదు. ఆమె పోయేదాకా ముద్ద ఎడమ చేత్తోనే తిన్నది. ఆ ఏడు ప్రేమవిందులో అప్పటి పెద్ద లాజరస్, తిన్నవాళ్ళెవరినీ లేవొద్దని చెప్పి, చొక్కా విప్పి మొదటి ఆకు ఎత్తాడు. అది అంకాలమ్మ ఆకు.

"ఇంకమీదట మన పల్లెలో ఎంగిలెత్తేది పెద్ద ఒక్కడే. ఇంకెవురూ యాడా ఎత్తాల్సిన పన్లేదు" అన్నాడట.

ఆ అంకాలమ్మ కొడుకు పేరు సమాధానం. అప్పటికి తల్లి పక్కన కూర్చొని తినే వయసు వాడు.

సమాధానం గొప్ప మనిషేమీ కాదు. పాట ఎత్తుకుంటే పక్కవాళ్ళ శ్రుతి కూడా పోతుంది. మొండి. తనకు తోచింది చేసేసి తర్వాత చెబుతాడు. ఒకసారి తాగి మందిరంలోకి వచ్చినవాణ్ణి ప్రార్థన మధ్యలో చెంప మీద కొట్టాడు. సాయంత్రం వాడి ఇంటికి వెళ్ళి, వాడు తేరుకునేదాకా గుమ్మంలో కూర్చున్నాడు కానీ క్షమించమని మాత్రం అడగలేదు. పడుచుతనంలో సరుగుడు నరికాడు. ఒంట్లో సత్తువ తగ్గాక రొయ్యల గుంటలకు కాపలా ఉన్నాడు. లాజరస్ పోయినప్పుడు పెద్దగా ఉండమని సంఘం అడిగితే ఆలోచించుకోవడానికి గడువు కూడా అడక్కుండా సరేనన్నాడు. ఏడాది పొడుగునా ఆ పదవి తెచ్చేది తిట్లూ తగాదాలే. ప్రేమవిందు నాడు గంప చంకన పెట్టుకున్నాక మాత్రం అతను వేరే మనిషి. ఒక్కొక్కరినీ పలకరిస్తూ నడిచేవాడు.

"ఏందబ్బయా, బొమికలు గూడా నవిలేసినావే. కుక్కకేం పెట్టేది?"

"నీకు మిగిల్చినాంలే పెద్దయ్యా, కుక్కకెందుకు?"

ఆడవాళ్ళ వరుసలో అతని భార్య చెంచమ్మ ఏటా ఒకే మాట అనేది. "ఇంట్లో తాగిన లోటా ఎత్తడు. ఈడ పల్లె ఎంగిలంతా ఎత్తతాడు. మా ఇంటిక్కూడా పెద్దగా రా సామీ, గిన్నెలు శానా పడుండాయి." ఆ నవ్వుల మధ్య అతను ఆమె ఆకు కూడా మడిచి గంపలో వేసుకొని ముందుకు పోయేవాడు.

పోయినేడు విందుకు నరేంద్రబాబు వచ్చాడు. పెద్దింటి మనవడు. కావలిలో ఉంటాడు, రొయ్యల మేత వ్యాపారం. సర్పంచి ఎన్నికలు దగ్గర పడుతున్నాయి. అతన్ని పిలిచింది సంఘం కోశాధికారి మధుబాబు. నరేంద్రబాబు మర్యాదగానే నడుచుకున్నాడు. కుర్చీ వేస్తే వద్దన్నాడు. చాప మీద అందరి మధ్యా కూర్చొని, పొట్టేలు కూర మారు వడ్డించుకొని తిన్నాడు. తిన్నాక లేవబోతే పక్కనున్న పాస్టరు చెయ్యి పట్టి ఆపాడు.

"మా పెద్ద వచ్చి ఆకు ఎత్తాక లేద్దురు బాబూ. ఇక్కడ అందరికీ అంతే."

నరేంద్రబాబు మళ్ళీ కూర్చున్నాడు. వరుసలో వస్తున్న సమాధానం అతని ముందుకు రాగానే చుట్టూ మాటలు తగ్గాయి. సమాధానం వంగి ఆకు ఎత్తాడు. తర్వాతి మనిషి దగ్గరికి పోయాడు. చూసినవాళ్ళలో చాలామందికి బాగుందనే అనిపించింది. కొట్టినవాళ్ళ మనవడి ఆకు దెబ్బలు తిన్నామె కొడుకు ఎత్తాడని ముసలివాళ్ళు ఇద్దరు ముగ్గురు కళ్ళు తుడుచుకున్నారు.

ఎవరో ఫోనులో తీశారు. నరేంద్రబాబు మనుషులు దానికి పాట జోడించి ఎన్నికలకు వాడుకున్నారు. సాయంత్రానికి మండలమంతా తిరిగింది. పల్లె సంగతి తెలియని వాళ్ళకు అందులో కనిపించింది ఒకటే. చొక్కా లేని ముసలివాడు, భుజం మీద ఉండాల్సిన తుండు నడుముకు దించుకొని, పెద్దింటి బాబు ముందు వంగి ఎంగిలాకు ఎత్తుతున్నాడు. వెనకటి రోజుల్లో పెద్దింటి వాకిట్లోకి పోయేటప్పుడు పల్లెవాళ్ళు తుండు అలాగే దించుకునేవాళ్ళు. కింద వ్యాఖ్యల్లో కొందరు తిట్టారు. కొందరు మెచ్చుకున్నారు. 'పాతకాలం మర్యాదలు మన వైపు ఇంకా పోలేదు' అని రాశాడొకడు. ఎక్కువగా గుచ్చుకుంది ఆ మెప్పే.

సమాధానం కూతురు భానుప్రియ తడ దగ్గర పారిశ్రామికవాడలో పని చేస్తూ హాస్టల్లో ఉంటుంది. వీడియోను ఆమెకు చూపించింది పక్క మంచం అమ్మాయి. ఆ ముసలాయన ఎవరో ఆ అమ్మాయికి తెలియదు. భానుప్రియ కూడా చెప్పలేదు. సెలవు రోజున తడలో రైలెక్కి బిట్రగుంటలో దిగింది.

"ఏందిమే, ఫోనన్నా చెయ్యకుండా దిగబడినావు?" అంది చెంచమ్మ.

భానుప్రియ సంచి కింద పెట్టి తండ్రి ఎదురుగా కూర్చుంది. "నాయనా, ఆయన ఆకు ఎందుకెత్తినావు?"

"వరసలో కూర్చోనుండాడు, ఎత్తినా."

"అవ్వ చెయ్యి విరగ్గొట్టినోళ్ళ ఆకది."

"ఆకుకు ఇంటిపేరుంటదా? ఆడ కూర్చున్నాక అందరూ ఒకటే. ఆ ఒక్కటీ వదిలేసిపోతే మిగతాయి ఎత్తి ఏం లాభం?"

తండ్రి ఇలాగే అంటాడని ఆమెకు తెలుసు. ఆ మాట నిజం కావాలని రైల్లో కోరుకుంటూనే వచ్చింది. ఫోను తీసి అతని చేతికిచ్చింది. "పాట తీసేసినా. ఊరికే చూడు."

సమాధానం ఫోను దూరంగా పట్టుకొని చూశాడు.

"ముందాయన ఆకు ఎట్టా ఎత్తినావు? గంప చంకలో ఉండాది, ఒక చేత్తో ఎత్తినావు. ఆ ముందాయనదీ అంతే. ఇప్పుడు చూడు. గంప కింద పెట్టినావు. రెండు చేతుల్తో ఎత్తినావు నాయనా. మళ్ళా గంప చంకకెత్తుకున్నావు. ఈ పక్కాయనది ఒక చేత్తోనే."

అతను మళ్ళీ మొదటినుంచి పెట్టమన్నాడు. ఆమె పెట్టింది.

"వాళ్ళతో నవ్వతా మాట్లాడతా ఉండావు. ఈయన కాడికొచ్చేసరికి తల పైకెత్తలా" అంది.

"ఆ ఆకు పెద్దదేమో."

"అన్నీ ఒక కట్టలోయే."

చెంచమ్మ పొయ్యి దగ్గరనుంచి కేకేసింది. "గమ్మునుండవే! నాయన్ని పోలీసోళ్ళ మాదిరి అడగతా ఉండావు. వాళ్ళ అమ్మ బాధ నీకు తెలుసా, ఆయనకు తెలుసా?"

"తెలిసినోడు గాబట్టే అడగతా ఉండా."

సమాధానం ఫోను ఇచ్చేశాడు. గంప కింద పెట్టిన జ్ఞాపకం అతనికి లేదు. ఆ ఆకు ఇంకా నాలుగైదు ఆకుల దూరంలో ఉన్నప్పుడే ఎత్తాలా వద్దా అని ఆలోచించడం మాత్రం గుర్తుంది. ఎత్తాలని నిర్ణయించుకున్నాడు. ప్రభువు పేరు తలచుకున్నాడు. తన జీవితంలో చేసిన మంచి పని ఏదైనా ఉంటే ఇదేనని కూడా ఆ క్షణంలో అనుకున్నాడు. చేతులు ఏం చేస్తున్నాయో చూసుకోలేదు. ఆ పూట అన్నం దగ్గర కూర్చొని కలుపుకొని వదిలేశాడు.

తర్వాతి ఆదివారం ఆరాధన అయ్యాక సంఘం కూర్చుంది. మధుబాబు లేచాడు. నరేంద్రబాబును తానే పిలిచిన సంగతి అతను ఎత్తలేదు.

"పెద్దయ్యను మార్చమని ఎవురూ అనటంలా. ఆ ఆకు ఎత్తడం తప్పని ఒక మాట చెప్పమను. ఇంక మన సంఘంలో ఈ ఎంగిలెత్తే ఆచారం వద్దని ఇంకో మాట. ఆయనే పెద్దగా ఉంటాడు. మన పిలకాయలు కాలేజీల్లో తలెత్తుకోలేకుండా ఉండారు."

వెనకనుంచి రాహేలమ్మ అనే ముసలామె లేవకుండానే అందుకుంది. "పిలిచినోడివి నువ్వు. వండింది మేము. తిన్నోడు బాగా తిన్నాడు. ఎత్తినోడిదిరా తప్పు?"

అందరూ నవ్వారు.

"అదిగాదత్తా..."

"ఏదిగాదు? ఆయన పక్కన కూర్చోని ఫొటోలు దిగినావే, అవి గూడా చూపీ."

మధుబాబు తుండుతో మెడ తుడుచుకున్నాడు. గాలి సమాధానం వైపే ఉంది. అది అందరికీ అర్థమయింది. పాస్టరుకూ అర్థమయింది. ఆయన దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పాడు కానీ ముందు వరుసలకు వినబడింది.

"సమాధానంగారూ, అందరి ఆకులూ నాకొకటే, ప్రభువు కోసం ఎత్తానని ఒక్క మాట అనండి. మీరూ ఉంటారు, ఆచారమూ ఉంటుంది. ఇక్కడితో అయిపోతుంది."

ఆ మాట చాలు. వారం కిందటిదాకా అతను అదే మాట నమ్మాడు కూడా. అన్నట్టయితే ఎవరూ కాదనేవాళ్ళు కాదు. రెండు చేతుల సంగతి సంఘంలో ఎవరూ గమనించలేదు. తెలిసింది భానుప్రియకూ, ఆమె తల్లికీ, అతనికీ. సభకోసం ఉండిపోయిన భానుప్రియ ఆడవాళ్ళ వైపు గోడకానుకొని కూర్చుంది. తండ్రి ఏం చెప్పబోతున్నాడో ఆమెకు కూడా తెలియదు.

సమాధానం లేచి నిలబడ్డాడు.

"ఆచారం తప్పుగాదు. లాజరస్ తాత తెలిసే పెట్టినాడు. నరేంద్రబాబు ఆకు ఎత్తడం గూడా తప్పుగాదు. మన పంక్తిలో కూర్చున్నాడు, ఎత్తాల్సిందే. అయితే నేనెత్తినట్టు ఎత్తగూడదు."

చేతులు ముందుకు చాపి చూసుకున్నాడు.

"మీ ఆకులన్నీ ఒక చేత్తో తీసినా. ఆయనది గంప కిందపెట్టి రెండు చేతుల్తో తీసినా. పాప చూపిస్తే చూసినా. ఎందుకట్టా తీసినావంటే చెప్పలేను. మా అమ్మను గట్టుమీద కొట్టేటప్పుడు నేను ఆడనే నిలబడుండా. అరవలా, ఏడవలా. ఆ భయం అప్పటినుంచీ ఒంట్లోనే ఉండాదేమో. ప్రభువు కోసం వంగతా ఉండాననుకున్నా ఇన్నాళ్ళూ. ఇప్పుడు అది గూడా తెలీటంలా. వంగడం నాకు ప్రభువుకంటే ముందే వచ్చునేమో."

"అట్టా అనబాకండి" అన్నాడు పాస్టరు.

"ఉన్నదే గదయ్యా చెబతా ఉండా. మనం ఎత్తేది పెద్దోడు చిన్నోడని లేకుండా ఎత్తాల. అది నా చేత గాలా. పెద్దగా నేనింక పనికిరాను. భయం లేనోళ్ళు ఎవురన్నా రండి. ఆకులెత్తడం మాత్రం మానొద్దు. అది మానితే మా అమ్మ చెయ్యి ఊరికే పోయినట్టు."

అతను అడిగింది అంతే. తాను దిగిపోతే ఆచారం నిలుస్తుందని అనుకున్నాడు. లెక్క తప్పింది. ఎవరు ఎత్తుతారని పాస్టరు అడిగితే మగవాళ్ళ వైపు అందరూ చాపల అంచులు చూస్తూ కూర్చున్నారు. ఇన్నేళ్ళూ ఆకు ఎత్తడాన్ని గౌరవంగా చూసినవాళ్ళే, ఎత్తేవాడే అందులో భయం ఉందని ఒప్పుకున్నాక దాన్ని ముట్టుకోవడానికి జంకారు. రాహేలమ్మ తల కొట్టుకుంది. "నోట్లో మాట నోట్లోనే ఉంచుకోనుంటే ఏం పోయేది నీకు?" అని పైకే అంది.

"పెద్దగా ఉండమంటే ఉంటా. ఆకులు మాత్రం ఎత్తను. చెప్పేస్తా ఉండా" అన్నాడు మధుబాబు.

సమాధానం ఆడవాళ్ళ వైపు చూశాడు. ఆ సంఘంలో ఆడవాళ్ళు పెద్దలుగా ఉన్నది లేదు, ఉండకూడదన్న కట్టుబాటూ లేదు. భయం లేని మనిషి అతనికి తెలిసినంతలో ఒక్కతే. తండ్రి చూపు తన మీదే ఉందని భానుప్రియకు తెలుస్తోంది. హాస్టల్లో పక్క మంచం అమ్మాయి గుర్తొచ్చింది. రేపు ఇంకెవరో ఫోను తీస్తారు. ఈసారి అందులో తానుంటుంది. ఆమె లేవలేదు. చీర కొంగు సర్దుకునే నెపంతో తల దించుకుంది.

సంఘం మధుబాబును పెద్దగా ఎన్నుకొని లేచింది.

సాయంత్రం బండికి కూతుర్ని ఎక్కించడానికి సమాధానం బిట్రగుంట దాకా వెళ్ళాడు. ప్లాట్‌ఫారం మీద ఆమె సంచి అతనే పట్టుకొని నిలబడ్డాడు.

"నేను అడక్కుండా ఉండాల్సింది నాయనా."

"అడిగిందే మంచిదయింది."

"ఏం మంచిది? నీ పెద్దరికం పోయింది. ఆకులెత్తేదీ పోయింది."

"నువ్వు లేచుంటే పోయేదిగాదు."

అన్నాక, అనకుండా ఉండాల్సిందని అతనికీ అనిపించినట్టుంది. "టీ తాగుతావా?" అని అడిగాడు. ఆమె వద్దని తల ఊపింది. రైలొచ్చింది. ఆమె ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది కానీ బండి కదిలేదాకా ఫోను చూసుకుంటూనే ఉంది.

ఈ ఏడాది ఈస్టరుకు ఆమె రాలేదు. ఓవర్‌టైం ఉందని తల్లికి ఫోను చేసింది.

ప్రేమవిందు మాత్రం జరిగింది. షామియానా వేశారు. చాపలు లేవు, బల్లలు వేసి బఫే పెట్టారు. కాగితం పళ్ళేలు. మధుబాబు కొత్త చొక్కాలో అటూ ఇటూ తిరుగుతూ అందరినీ పలకరించాడు. నిర్వహణలో లోపం లేదు, కూర కూడా బాగుంది. ఎవరికి వాళ్ళు తిని, పళ్ళెం చేతికందిన చోట పెట్టి పోతున్నారు. కుర్చీల కింద, బల్లల చివర, చర్చి మెట్ల మీద.

వాటిని ఎత్తడానికి కాలవ గట్టున ఉన్న యానాదుల కాలనీనుంచి ఇద్దరిని కూలికి తెచ్చారు. ముత్యాలయ్య, అతని భార్య ముసలమ్మ. వాళ్ళు సంఘంలో వాళ్ళు కాదు. వాళ్ళను ఎవరూ తినమనలేదు. విందు అయ్యాక అండాలో మిగిలిన అన్నం కూర తీసుకుపోయేట్టు మధుబాబు ముందే మాట్లాడాడు.

చెంచమ్మ బలవంతం మీద వచ్చిన సమాధానం ఒక మూల కూర్చొని తిన్నాడు. చాలాసేపు ఆ ఇద్దరి వైపు చూశాడు. తర్వాత లేచి, తన చుట్టూ పడున్న పళ్ళేలు ఏరి ఒకదాని మీద ఒకటి పెట్టడం మొదలుపెట్టాడు. చొక్కా విప్పలేదు. ఎవరూ పట్టించుకోలేదు. ముసలమ్మ ఒక్కతే చూసి పరుగులాంటి నడకతో వచ్చింది.

"పెట్టెయ్యండి సామీ, పెట్టెయ్యండి. మీరెత్తతా ఉంటే చూసి మాకు కూలి తగ్గిస్తారు."

"తగ్గించరులేమ్మా. నేను చెబతా."

"మీరు చెబితే ఇంటారా?"

సమాధానం షామియానా కింద ఉన్న తన పల్లెవాళ్ళ వైపు చూశాడు. మధుబాబు ఎవరితోనో ఫొటో దిగుతున్నాడు. రాహేలమ్మ చేతిలో పళ్ళెంతో, దాన్ని ఎక్కడ పెట్టాలో వెతుక్కుంటోంది.

"ఇనరు" అన్నాడు సమాధానం. పళ్ళేలు ఆమె చేతికిచ్చి పక్కకు జరిగాడు.